గెత్సేమనే తోటలో గొంతు

రంగస్థలం మీద ఆడుతున్న సంగీత నాటకాన్ని కెమెరాలతో పట్టి, ఆ తర్వాత నటుల చేత స్టూడియోలో కొన్ని చరణాలు మళ్లీ పాడించి అతికించడం సినిమా, టీవీ రంగాల్లో మామూలు పని. వారానికి ఎనిమిది ఆటలు ఆడే నటుడి గొంతు ఏదో ఒక రాత్రి బొంగురుపోతుంది. అందాల్సిన స్వరం అందదు. చెమట తగిలి మైకు గరగరమంటుంది. ప్రేక్షకుడి చేతికి వెళ్లే ప్రతిలో ఇలాంటి లోపాలు ఎందుకుండాలన్నది నిర్మాతల వాదన. చాలా నాటకాల విషయంలో దీనికి ఎదురు చెప్పనక్కర్లేదు. కానీ కథ ఒక మనిషి పడిన వేదన గురించినదై, ఆ వేదనను మోయాల్సింది గొంతే అయినప్పుడు, సవరణ ఉత్త సాంకేతిక విషయంగా మిగలదు. తెర మీద కనిపించే దేహమూ, వినిపించే స్వరమూ ఒకే క్షణానివి కాకపోతే ఆ వేదన ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. క్రైస్తవ మతచరిత్రలో దాదాపు ఇలాంటి ప్రశ్న మీదే కొన్ని శతాబ్దాలు వాదం నడిచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ చక్కని ఉదాహరణ.

నాటకం, దాని రూపాలు

ఆండ్రూ లాయిడ్ వెబర్ సంగీతం, టిమ్ రైస్ సాహిత్యం సమకూర్చిన ఈ రాక్ ఒపేరా మొదట వెలువడింది గ్రామఫోన్ రికార్డుగా. 1970లో రెండు ఎల్పీల ఆల్బమ్ వచ్చినప్పుడు యేసు పాత్రకు పాడినవాడు డీప్ పర్పుల్ బృందం గాయకుడు ఇయాన్ గిలాన్. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూయార్క్ బ్రాడ్వేలోనూ, 1972లో లండన్ ప్యాలెస్ థియేటర్‌లోనూ అది రంగస్థలానికెక్కింది. లండన్‌లో ఎనిమిదేళ్లు ఆడింది. 1973లో నార్మన్ జూయిసన్ ఇజ్రాయెల్‌లో దాన్ని సినిమాగా తీశాడు. అందులో టెడ్ నీలీ యేసు, కార్ల్ ఆండర్సన్ యూదా. 2000లో ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో రంగస్థల పద్ధతిలోనే ఒక వీడియో తయారైంది. 2012లో పెద్ద క్రీడామందిరాల్లో తిరిగిన ప్రదర్శనను బర్మింగ్‌హామ్‌లో చిత్రీకరించారు. 2018 ఏప్రిల్ 1న, ఈస్టర్ ఆదివారం నాడు, అమెరికాలో ఎన్‌బీసీ టీవీ బ్రూక్లిన్ నుంచి ప్రేక్షకుల సమక్షంలో ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. అందులో యేసుగా పాడినవాడు జాన్ లెజెండ్.

గొంతుకూ దేహానికీ ఉన్న సంబంధం వీటన్నిటిలో ఒకలాంటిది కాదు. ఆల్బమ్‌లో స్వరమే ఉంది, దేహం లేదు. 1973 సినిమాలో రెండూ ఒకే మనిషివి, కాని వేర్వేరు రోజులవి. పాటలు ముందే రికార్డు చేసి, ఎండలో ఆ పాటకు పెదవులు కలిపారు. ప్రత్యక్ష ప్రసారంలో రెండూ ఒకే క్షణానివి. చిత్రీకరించిన రంగస్థల ప్రదర్శన మాత్రం వీటి మధ్య ఎక్కడో నిలుస్తుంది. చూడడానికి అది ఒకే రాత్రిలా ఉంటుంది. నిజానికి అది ఎన్ని రాత్రుల కలగలుపో, అందులో స్టూడియో పాలు ఎంతో, చూసేవారికి తెలిసే దారి ఉండదు.

గానుగ పేరున్న తోట

యేసు జీవితంలోని చివరి ఏడు రోజులే ఈ నాటకానికి కథ. దాని నడిబొడ్డున ఉన్నది గెత్సేమనే ఘట్టం. గెత్సేమనే అనే మాటకు నూనె గానుగ అని అర్థం. యెరూషలేముకు ఎదురుగా ఒలీవల కొండ దగ్గరి తోట అది. పట్టుబడబోయే రాత్రి యేసు అక్కడ ఒంటరిగా ప్రార్థించాడని, వెంట వచ్చిన శిష్యులు నిద్రపోయారని మత్తయి, మార్కు సువార్తలు చెబుతాయి. తన ముందున్న గిన్నెను వీలైతే తొలగించమని ఆయన తండ్రిని అడుగుతాడు, చివరికి తండ్రి చిత్తానికే తలవంచుతాడు. ఆ వేదనలో చెమట రక్తపు బొట్లలా నేలమీద పడిందని లూకా సువార్త వర్ణిస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం ఇంకో వివరం చేర్చుతుంది: యేసు ప్రార్థించినప్పుడు పెద్దగా రోదించాడు, కన్నీళ్లు కార్చాడు. అంటే మూలగ్రంథాల్లోనే ఈ ప్రార్థన అలసిన గొంతు నుంచి, తడిసిన ముఖం నుంచి వచ్చింది.

నాటకంలో ఈ ఘట్టానికి ఒకే పాట, ఒకే గాయకుడు. మాటల స్థాయిలో మెల్లగా మొదలై, సందేహం నుంచి నిలదీతకు, నిలదీత నుంచి ఆక్రోశానికి ఎక్కి, చివరికి అంగీకారంలోకి దిగుతుంది. శిఖరం దగ్గర గాయకుడు చేరే స్వరం పియానో మీద మధ్య ‘సి’కి పైనున్న రెండో ‘జి’. మామూలుగా మాట్లాడేటప్పుడు పురుషుడి స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు కంపిస్తాయి. ఆ ‘జి’ దగ్గర సుమారు 784 సార్లు కంపించాలి. అందుకోసం తంత్రులు సాగి, పలచబడి, అంచులతోనే ఒకదానికొకటి తగలాలి. కింద నుంచి ఊపిరి ఒత్తిడి సరిపడా ఉండాలి. ఒత్తిడి ఎక్కువైతే స్వరం పగులుతుంది, తక్కువైతే తేలిపోతుంది. అలసిన తంత్రులు ఉబ్బుతాయి. ఉబ్బిన అంచులు పూర్తిగా కలవక సందులోంచి గాలి జారుతుంది. మనం బొంగురు అనేది దాన్నే. అయినా పాడుతూనే పోతే తంత్రుల మీద కాయలు కాస్తాయి, ఒక్కోసారి సన్నని రక్తనాళం చిట్లుతుంది. తోటకు గానుగ అనే పేరుంటే, పాట కూడా గాయకుణ్ని గానుగలో వేసినట్టే పిండుతుంది.

మిక్సింగ్ బల్ల మీద

రంగస్థల ప్రదర్శనను రికార్డు చేసేటప్పుడు ప్రతి నటుడికీ ఒక చిన్న మైకు ఉంటుంది. దాన్ని ఎక్కువగా నుదుటి మీద జుట్టు మొదట్లో అమర్చుతారు. ప్రతి మైకు శబ్దమూ విడి ట్రాకుగా చేరుతుంది. కాని ఏ ట్రాకూ శుద్ధంగా ఉండదు. యేసు మైకులోకి డ్రమ్ముల చప్పుడు, పక్కవాడి అడుగులు, ప్రేక్షకుల దగ్గులు వచ్చి పడతాయి. ఆ ముడి సరుకును ప్రేక్షకుడికి అందేలా చేయడానికి నాలుగు మెట్ల పని జరుగుతుంది.

మొదటి మెట్టు ఎంపిక. రెండు మూడు ఆటలు రికార్డు చేసి, ఏ చరణం ఏ ఆటలో బాగుంటే దాన్ని తీసుకుంటారు. రెండోది శ్రుతి సవరణ. 1997లో ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక, కాస్త కిందికి జారిన స్వరాన్ని యంత్రమే పైకి జరుపుతోంది. మూడోది అతుకు: ప్రేక్షకులు లేని హాల్లోనో స్టూడియోలోనో కొన్ని పాదాలు మళ్లీ పాడించి చొప్పించడం. నాలుగోది పాట మొత్తాన్నీ వేరే చోట పాడించి తెర మీది పెదవులకు కలపడం. 2016 జూన్‌లో న్యూయార్క్ రిచర్డ్ రోజర్స్ థియేటర్‌లో చిత్రీకరించిన ‘హామిల్టన్’ విషయంలో ప్రేక్షకుల ముందు జరిగిన ఆటలతో పాటు, వాళ్లు లేనప్పుడు దగ్గర నుంచి తీసిన దృశ్యాలనూ కలిపి కూర్చారు. అది 2020 జూలైలో విడుదలైంది. ఇలాంటి కూర్పు ఈ రంగంలో అంగీకృత పద్ధతి.

మూడో మెట్టు దగ్గర తేడా ఎక్కడుందో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. రంగస్థలం మీద పై స్వరానికి ముందు గాయకుడు ఒక్క గుటకలో ఊపిరి లాగుతాడు. ఆ చప్పుడు మైకుకు వినబడుతుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, భుజాలు లేస్తాయి, చెమట కనుబొమ్మ మీదికి జారుతుంది. కెమెరా ఇదంతా పట్టింది. కాని ఆ బొమ్మకు కలిపిన స్వరం వారాల తర్వాతిది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కన గోరువెచ్చని నీళ్ల సీసా ఉంచుకుని, పన్నెండోసారి ప్రయత్నించి సాధించినది. శ్రుతి కచ్చితం, పదం స్పష్టం. హాలు గాలి లేదు గనుక ప్రతిధ్వనిని యంత్రంతో కలుపుతారు. ఉబ్బిన నరం మాత్రం వేరే రాత్రి అందుకోలేకపోయిన స్వరానికి ఉబ్బినది.

అనిపించడం, అనుభవించడం

క్రైస్తవ సంఘపు తొలి శతాబ్దాల్లో తలెత్తిన వాదాల్లో డోసెటిజం ఒకటి. గ్రీకులో ‘అనిపించు’ అనే క్రియ నుంచి ఆ పేరు వచ్చింది. దేవుడు బాధకు అతీతుడు గనుక క్రీస్తు నిజంగా దేహం ధరించలేదు, నిజంగా బాధపడలేదు, చూసేవారికి అలా అనిపించాడంతే అన్నది ఆ వాదం సారాంశం. దీన్ని పనిగట్టుకుని ఎదిరించినవారిలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ ముఖ్యుడు. 2వ శతాబ్దం తొలి భాగంలో, మరణశిక్షకు రోముకు తీసుకుపోతుండగా దారిలో రాసిన లేఖల్లో అతను ఒకే తర్కం పట్టుకున్నాడు: ఆయన పడిన బాధ ఉత్త ఆభాస అయితే, ఆయన కోసం తాను మోస్తున్న ఈ సంకెళ్లకు అర్థమేమిటి? ఇలాంటి వాదమే మరో రూపంలో పేతురు సువార్త అనే అప్రామాణిక గ్రంథం విషయంలోనూ నడిచింది. సిలువ మీద యేసు నొప్పి తెలియనట్టు మౌనంగా ఉన్నాడనే అర్థం వచ్చే వాక్యం అందులో ఉంది. 2వ శతాబ్దం చివర అంతియొకయకే చెందిన బిషప్ సెరాపియన్ మొదట ఆ పుస్తకం చదువుకోవడానికి ఒప్పుకుని, తర్వాత తానే చదివి చూసి ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నాడు.

451లో చాల్సెడోన్ సభ క్రీస్తు సంపూర్ణ దైవమూ, సంపూర్ణ మానవుడూ అని, రెండు స్వభావాలూ ఒకే వ్యక్తిలో ఉన్నాయని నిర్ణయించింది. ఆ తర్వాత మిగిలిన ప్రశ్న: ఆ ఒక్క వ్యక్తిలో సంకల్పాలు ఎన్ని? 7వ శతాబ్దంలో బైజాంటియం పాలకులు రాజకీయ ఐక్యత కోసం ఒకే సంకల్పం అనే సూత్రాన్ని ప్రోత్సహించారు. మాక్సిమస్ అనే సన్యాసి దానికి అడ్డుపడ్డాడు. అతను ప్రధానంగా ఆధారం చేసుకున్నది గెత్సేమనే ప్రార్థననే. గిన్నె తొలగించమని అడిగినది మానవ సంకల్పం, తండ్రి చిత్తానికి ఒప్పుకున్నదీ ఆ మానవ సంకల్పమే. భయపడిన మనసు ఆయనది కాకపోతే ఆ ఒప్పుకోలుకు విలువ లేదని అతని వాదం సారం. 662లో మాక్సిమస్ నాలుకనూ కుడిచేతినీ కోసి నల్లసముద్రం తూర్పు తీరానికి ప్రవాసం పంపారు. ఆ ఏడాదే అతను చనిపోయాడు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ అతను నిలబెట్టిన సిద్ధాంతాన్నే ఆమోదించింది. గెత్సేమనేలో మానవుడి గొంతు నిజమైనదని చెప్పినందుకు ఒక మనిషి తన గొంతునే పోగొట్టుకున్నాడు.

ఈ చరిత్ర వెలుగులో చూస్తే, పూర్తిగా నునుపు చేసిన గెత్సేమనే పాట ఒకరకంగా డోసెటిజానికి దగ్గరవుతుంది. దేహం శ్రమపడినట్టు అనిపిస్తుంది. స్వరానికి ఆ శ్రమ అంటదు. చూసేవారికి బాధ బొమ్మ దొరుకుతుంది, బాధ పడుతున్న వ్యక్తి దొరకడు. వేరే గాయకుడి గొంతు అతికించినప్పుడు సమస్య ఇంకో వైపు తిరుగుతుంది. అప్పుడు ఒక పాత్రలో ఇద్దరు వ్యక్తులుంటారు. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కూ, 1964లో ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కూ మార్నీ నిక్సన్ పాడినట్టు.

నటన అంటేనే ఆభాస కదా

ఈ పోలికకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. నటుడు యేసు కాడు. రంగస్థలం మీద పగిలిన గొంతు కూడా నటుడి గొంతే, యేసుది కాదు. నటన మొత్తం ‘అనిపించడమే’ అయినప్పుడు ఒక అనిపించడాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని ఎందుకు తప్పుపట్టాలి? 18వ శతాబ్దపు ఫ్రెంచి తాత్త్వికుడు దిదెరో, నటుల గురించి రాసి తన మరణానంతరం 1830లో అచ్చయిన గ్రంథంలో ఇంకా ముందుకు వెళ్లాడు. గొప్ప నటుడు లోపల ఏమీ అనుభవించడని, అనుభూతి చిహ్నాలను నిబ్బరంగా తయారు చేస్తాడని అతని సిద్ధాంతం. నేటి గాత్ర శిక్షణ దీన్ని కొంతవరకు బలపరుస్తుంది. తంత్రులకు హాని కలగకుండా బొంగురునూ, అరుపునూ పుట్టించే పద్ధతులు నేర్పుతున్నారు. వినడానికి గొంతు చీలినట్టుంటుంది, లోపల చీలదు.

భారతీయ నాట్యసిద్ధాంతం ఇక్కడ పనికొచ్చే ఒక విభజన చేసింది. భరతుడి నాట్యశాస్త్రంలో ఆంగిక, వాచిక, ఆహార్య అభినయాల పక్కన సాత్త్వికం వేరుగా ఉంది. ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం ఒకటి, అశ్రువు ఒకటి, స్వరభేదం ఒకటి. చెమట, కన్నీరు, గొంతు మారడం. లూకా సువార్తా, హెబ్రీ పత్రికా గెత్సేమనేకు చెప్పిన లక్షణాలకు ఇవి ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. సత్త్వం మనసు ఏకాగ్రమైనప్పుడు పుడుతుందని, మనసు ఎక్కడో పెట్టుకున్న నటుడికి అది సాధ్యం కాదని భరతుడు అంటాడు. అలాగని నటుడు నిజంగా దుఃఖంలో మునగాలనీ అనడు. రసం పండేది సహృదయుడిలో. ఆ రసాన్ని మోసి తెచ్చే గిన్నె నటుడు. తెలుగులో పాత్ర అన్న మాటకు ఈ రెండర్థాలూ ఉండడం ఊరికే కాదు.

దీన్నిబట్టి ఆక్షేపణకు సమాధానం దొరుకుతుంది. నటుడికి యేసు బాధ ఉండాలని ఎవరూ అడగరు. ఉండాల్సింది ఆ మనసూ, ఆ చెమటా, ఆ స్వరభేదమూ ఒకే ఏకాగ్రతలోంచి రావడం. శిక్షణతో పుట్టించిన బొంగురైనా, ఆ క్షణంలో ఆ దేహంలోంచి వస్తే అది అభినయమే. ఒక రాత్రి చెమటకు మరో పగటి స్వరం అతికిస్తే గిన్నె పగిలిపోదు గాని, రెండు గిన్నెల ముక్కలు కలిపి అంటించినట్టవుతుంది.

ఏ మాట ఇచ్చారన్నదే కొలత

అతికినదల్లా మోసమనుకుంటే అదీ పొరపాటే. 1952లో ఫుర్ట్‌వేంగ్లర్ సంచాలకత్వంలో వాగ్నర్ ‘ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డె’ను రికార్డు చేసినప్పుడు, కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్‌కు అందని పై స్వరాలను ఎలిజబెత్ ష్వార్జ్‌కోఫ్ పాడింది. సంగతి బయటికి వచ్చాక గొడవ అయినా, ఆ రికార్డుకున్న గౌరవం చెక్కుచెదరలేదు. స్టూడియో రికార్డు అంటేనే కూర్పు అన్న అవగాహన ఉంది గనుక. 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో పావరోట్టి పాట సంగతి వేరు. ముందే రికార్డు చేసిన దానికి ఆయన పెదవులు కలిపాడని ఆర్కెస్ట్రా సంచాలకుడు తర్వాత వెల్లడించినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. జబ్బు, చలి కారణాలు సబబైనవే. కాని చూసినవారు తాము ఆ క్షణపు గొంతు వింటున్నామనుకున్నారు.

తెలుగువారికి యేసు కథతోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1978లో విజయచందర్ యేసుగా వచ్చిన ‘కరుణామయుడు’ అనేక భాషల్లోకి డబ్బింగ్ అయి పల్లెల్లో తెరలు కట్టి చూపినంత దూరం వెళ్లింది. పరభాషలో ఆ ముఖానికి మరొకరి మాట కలిసిందని చూసినవారికి తెలుసు. ఎవరూ మోసపోలేదు. సినిమా ఒప్పందంలోనే డబ్బింగ్ ఉంది. సురభి నటులతో తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాలంలో నటులు కెమెరా ముందే పాడేవారు. నేపథ్యగానం వచ్చాక పాడేవారూ, ఆడేవారూ విడిపోయారు. ప్రేక్షకులు ఆ కొత్త ఒప్పందానికి అలవాటు పడ్డారు.

చిత్రీకరించిన రంగస్థల నాటకం ఇచ్చే మాట వేరు. అట్ట మీద ‘ప్రత్యక్ష ప్రదర్శన’ అని రాసి ఉంటుంది. చప్పట్లు వినిపిస్తాయి, ప్రేక్షకుల తలలు కనిపిస్తాయి. ఆ రాత్రి ఆ హాల్లో ఇది జరిగిందన్నదే అమ్ముతున్న సరుకు. ఆ మాట ఇచ్చి, అత్యంత కష్టమైన చరణాన్ని మరోచోట పాడించి చెప్పకుండా కలిపితే, లోపం కళలో లేదు, మాటలో ఉంది.

నటుడి దేహం పట్ల బాధ్యత

ఇంకో వైపునుంచీ హద్దు గీయాలి. బాధ నిజంగా ఉండాలన్న కోరిక అదుపు తప్పితే, గొంతు పాడుచేసుకున్న నటుడికి చప్పట్లు కొట్టే క్రౌర్యంలోకి పోతుంది. బ్రాడ్వేలో ‘విక్టర్/విక్టోరియా’ ఆడుతుండగా గొంతు దెబ్బతిన్న జూలీ ఆండ్రూస్, 1997లో శస్త్రచికిత్స తర్వాత తన పూర్వపు గాన స్వరాన్ని తిరిగి పొందలేకపోయింది. శ్రమకూ గాయానికీ మధ్య గీత ఉంది. డోసెటిజాన్ని తిరస్కరించిన సంఘం కూడా బాధను కొని తెచ్చుకోమని చెప్పలేదు. 2వ శతాబ్దంలోనే, స్మిర్నా బిషప్ పాలికార్ప్ మరణం గురించిన లేఖ, తమంతట తాము వెళ్లి పట్టుబడేవారిని మెచ్చుకోకూడదని హెచ్చరించింది. జబ్బుగా ఉన్న గాయకుడి చేత కెమెరాలు అద్దెకు వచ్చాయని బలవంతంగా పాడించడం కంటే, మరోనాడు మళ్లీ పాడించడమే ధర్మం. కాకపోతే దేహాన్నీ స్వరాన్నీ కలిపి మళ్లీ తీయాలి. ఒక్క స్వరాన్నే మార్చకూడదు.

వీటన్నిటి నుంచి తేలేవి మూడు. మైకు గరగర, తెగిన తీగ, పక్కవాడి దగ్గు లాంటివి సవరించడంలో తాత్త్విక ఇబ్బంది ఏమీ లేదు. ఒకే నటుడి వేర్వేరు రాత్రుల నుంచి స్వరమూ బొమ్మా కలిపి ఎంచుకోవడం కూర్పు కిందికి వస్తుంది, దాన్ని చెబితే చాలు. గెత్సేమనే లాంటి చోట మాత్రం, గొంతు పగలడమే అర్థమైన చోట, ఆ పగులును పూడ్చడం పాటను బాగుచేయడం అవదు. ఆ పాటలో యేసు అడిగేది తనకు ఈ బాధ ఎందుకని. ఆ ప్రశ్న వేసే గొంతు బాధ తెలియనిదైతే, ప్రశ్నే మిగలదు. ఏ రాత్రి చెమటకు ఆ రాత్రి గొంతే ఉండాలి. అది కుదరనప్పుడు, కుదరలేదని అట్ట మీద రాయాలి.